పడుకుంటే బి.పి. ఎక్కువ, నిలబడితే మాయం!

కోస్తా జిల్లాల్లోని ఒక చిన్న పట్టణం నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరమిది. ఊరూ, పేరూ వెయ్యవద్దని కోరారు. ఇటువంటి బాధ పడుతున్న కుటుంబాలు చాలా ఉంటాయి కాబట్టి, ఆవిడ అనుమతితో ఉత్తరాన్ని ఇక్కడ ఇస్తున్నాం.

"డాక్టరుగారికి నమస్కారములు. మావారి వయస్సు 68 సంవత్సరాలు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పన్నెండేళ్ళుగా బి.పి.కి మాత్రలు వాడుతున్నారు. ఏడాది నుంచి ఆయనకు ఒక చిత్రమైన బాధ పట్టుకుంది. పొద్దున్నే మంచం దిగి నాలుగడుగులు వేసేసరికి కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఏ గోడో, తలుపో పట్టుకుని నిలబడిపోతారు. పిలిచినా పలకరు. కూర్చోబెడితే రెండు నిమిషాల్లో మామూలు మనిషి అవుతారు. ఇప్పటికి రెండుసార్లు పడ్డారు. రెండోసారి బాత్‌రూములో పడి నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి.

డాక్టరు దగ్గరకు తీసుకువెళ్తే, కుర్చీలో కూర్చోబెట్టి చూసి బి.పి. 160 ఉందన్నారు. బి.పి. పెరగడం వల్లనే కళ్ళు తిరుగుతున్నాయని మాత్ర డోసు పెంచారు. పెంచిన దగ్గర్నుంచి బాధ ఇంకా ఎక్కువైంది. తలకు స్కానింగు తీయించాం. చెవి డాక్టరుకు చూపించాం. మెడా భుజాలూ లాగేస్తున్నాయంటే మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశారు. ఏం చేసినా గుణం లేదు. మా ఆడపడుచు దిష్టి తగిలిందంటుంది. ముప్ఫయి అయిదేళ్ళు రోజూ ఆరు పీరియడ్లు నిలబడి పాఠం చెప్పిన మనిషి, ఇప్పుడు మంచం దిగాలంటే భయపడుతున్నారు. నేను పక్కన లేకపోతే గుమ్మం దాటరు. ఇదేం జబ్బండీ? దీనికి మందు ఉందా?"

ఈ ఉత్తరం చదివి నేను వెంటనే మందేమీ రాయలేదు. ఆవిడకు ఒక పని చెప్పి, నాలుగు ప్రశ్నలు వేశాను. పని ఏమిటంటే, పొద్దున్నే ఆయనను పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి రెండుసార్లు బి.పి. చూడమన్నాను. ప్రశ్నలేమిటంటే: మలబద్ధకం ఉందా? ఎండాకాలంలో చెమట పడుతోందా? నిద్రలో కేకలు వెయ్యడం, చేతులూ కాళ్ళూ విసరడం ఉందా? బి.పి. మాత్ర కాక ఇంకేమైనా మందులు వాడుతున్నారా?

పది రోజుల్లో జవాబు వచ్చింది. నర్సింగు చదువుతున్న మనవరాలు సెలవులకు వచ్చి, నేను చెప్పినట్టే కొలిచిందట. పడుకున్నప్పుడు బి.పి. 162/90, నాడి నిమిషానికి 70. నిలబడిన ఒక నిమిషానికి 118/70. మూడు నిమిషాలకు 104/62, నాడి 76! ఆ వెంటనే ఆయన కూలబడిపోబోతే ఇద్దరూ పట్టుకుని కూర్చోబెట్టారట.

మిగిలిన జవాబులు ఇవీ: మలబద్ధకం ఏడెనిమిదేళ్ళుగా ఉంది. మే నెల ఎండల్లో కూడా ఆయన బనీను తడవదు. నిద్రలో ఎవరితోనో పోట్లాడుతున్నట్టు కేకలు వేస్తారు, ఒకసారి ఆవిడను తన్నారు కూడా. పోపు మాడినా ఆయనకు వాసన తెలియదు (ఇది నేను అడగకుండానే ఆవిడ రాశారు). ప్రోస్టేటు గ్రంథి వాపుకు రాత్రిపూట ఒక మాత్ర వేసుకుంటున్నారు.

అడ్డు అంతా తొలగిపోయింది. ఆయన బాధకు కారణం దిష్టీ కాదు, చెవీ కాదు, మెడ ఎముకలూ కాదు. ఎక్కువ బి.పి. అసలే కాదు. నిలబడగానే రక్తపు పోటు పడిపోవడం. అదీ నరాల లోపం వల్ల పడిపోవడం. దీన్ని వైద్యులు న్యూరోజెనిక్ ఆర్థోస్టాటిక్ హైపోటెన్షన్ అంటారు. పేరు నోరు తిరగదు గాని, విషయం అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు.

నిలబడినప్పుడు ఏం జరుగుతుంది?

మనం పడుకున్నప్పుడు తల, గుండె, కాళ్ళు ఒకే మట్టంలో ఉంటాయి. మెదడుకు రక్తం అందించడం గుండెకు పెద్ద శ్రమ కాదు. లేచి నిలబడగానే అర లీటరు నుంచి ఒక లీటరు దాకా రక్తం కిందికి, అంటే కాళ్ళలోకీ పొట్టలోకీ దిగిపోతుంది. గుండెకు తిరిగివచ్చే రక్తం తగ్గుతుంది. మేడమీది కుళాయికి నీళ్ళు ఎక్కనట్టే, పోటు తగ్గితే పైనున్న మెదడుకు రక్తం ఎక్కదు.

అయితే మనమందరం రోజుకు వందసార్లు లేచి నిలబడుతున్నాం, పడిపోవడం లేదే! ఎందుచేతనంటే, మన శరీరంలో ఒక కాపలా ఏర్పాటు ఉంది. మెడలోని పెద్ద రక్తనాళాల గోడల్లోనూ, గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని వంపులోనూ పోటును కనిపెట్టే సూక్ష్మమైన నరాల కొసలుంటాయి. పోటు కాస్త తగ్గగానే అవి మెదడు అడుగుభాగానికి కబురు పంపుతాయి. అక్కడినుంచి సింపథెటిక్ నరాల ద్వారా ఆజ్ఞ వెడుతుంది. ఆ నరాల కొసల నుంచి నార్ ఎపినెఫ్రిన్ అనే రసాయనం విడుదలై, కాళ్ళలో, పొట్టలో రక్తనాళాలు బిగుసుకుంటాయి. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. ఇదంతా కొన్ని సెకండ్లలో, మనకు తెలియకుండానే జరిగిపోతుంది.

ఈ నరాలు దెబ్బతింటే? కబురు వెళ్ళదు, లేదా ఆజ్ఞ అందదు. రక్తనాళాలు బిగుసుకోవు. గుండె వేగం పెరగదు. పోటు జారిపోతుంది. ఇదీ ఈ జబ్బు.

దీన్ని మొదట వివరంగా రాసినవారు అమెరికా వైద్యులు బ్రాడ్‌బరీ, ఎగిల్‌స్టన్. 1925లో వారు ముగ్గురు రోగుల గురించి రాశారు. నిలబడితే పడిపోవడం, అంత పోటు తగ్గినా నాడి వేగం పెరగకపోవడం, చెమట పట్టకపోవడం - ఈ మూడు సంగతులూ వారు అప్పుడే గుర్తించారు. వందేళ్ళు దాటినా, ఈ జబ్బును పట్టుకోవడానికి ఇప్పటికీ అవే ఆనవాళ్ళు.

బాధ ఎలా ఉంటుంది?

కళ్ళు చీకట్లు కమ్మడం, తల తేలిపోవడం, కాళ్ళలో సత్తువ లేనట్టు మోకాళ్ళు కుంగిపోవడం, చూపు మసకబారడం, మాట తోచకపోవడం - ఇవి ముఖ్యమైనవి. కొందరికి మెడ వెనుక, రెండు భుజాల మీద, సరిగ్గా చొక్కా తగిలించే హేంగరు ఆకారంలో నొప్పి వస్తుంది. నిలబడితే వచ్చి పడుకుంటే పోయే మెడనొప్పికి మెడపట్టీ వేసి లాభం లేదు. ఆ కండరాలకు రక్తం చాలక వచ్చే నొప్పి అది. కొందరు ఏ బాధా చెప్పరు. "నీరసంగా ఉంది" అని మాత్రమే అంటారు. అటువంటివారు ఏ హెచ్చరికా లేకుండానే పడిపోవచ్చు.

బాధ ఎక్కువయ్యే వేళలు కొన్ని ఉన్నాయి. పొద్దున్న నిద్ర లేచిన మొదటి రెండు మూడు గంటలు అన్నిటికంటె చెడ్డవి. కడుపునిండా అన్నం తిన్న తరువాత రెండు గంటలలోపు, వేడినీళ్ళ స్నానం చేశాక, ఎండలో నిలబడ్డాక, మద్యం తాగాక, దొడ్డికి వెళ్ళి ముక్కి లేచినప్పుడు, జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం మీద ఉన్నాక కూడా ఎక్కువవుతుంది.

భయం వేసో, రక్తం చూసో, గుళ్ళో ఉక్కపోతలో నిలబడో పడిపోయే కుర్రవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ముందుగా వికారం, ఒళ్ళంతా చెమటలు పడతాయి. అది ఎప్పుడో ఒకసారి వచ్చేది. ఇది నిలబడిన ప్రతిసారీ ఎంతో కొంత ఉంటుంది. చెమట పట్టదు.

ఎలా పట్టుకోవాలి?

ఖరీదైన పరీక్షేమీ అక్కర్లేదు. బి.పి. మిషను, గడియారం, ఒక మంచం చాలు.

రోగిని కనీసం అయిదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బి.పి., నాడి చూడాలి. తరువాత నిలబెట్టి, ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి చూడాలి. చెయ్యి గుండె మట్టంలో ఉండాలి. కిందికి వేలాడితే లెక్క తప్పుతుంది. పక్కన ఒక మనిషి, వెనుక ఒక కుర్చీ ఉండి తీరాలి. కళ్ళు తిరిగితే వెంటనే కూర్చోబెట్టాలి. మూడు నిమిషాలూ పూర్తి కావాలని పట్టుపట్టకూడదు. పొద్దున్న పూట చూస్తేనే బాగా తెలుస్తుంది. సాయంత్రం నాలుగింటికి ఆస్పత్రిలో చూస్తే దొరక్కపోవచ్చు.

మూడు నిమిషాలలోపు పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని, అంతకంటె ఎక్కువ గాని తగ్గితే, నిలబడినప్పుడు పోటు పడిపోతున్నదని అర్థం. పడుకున్నప్పుడు బి.పి. బాగా ఎక్కువగా ఉన్నవారిలో పై అంకె 30 తగ్గితేనే లెక్కకు తీసుకుంటారు. మన మాస్టారికి తగ్గింది 58!

కుర్చీలో కూర్చోబెట్టి చూస్తే ఈ సంగతి దాగిపోతుంది. రోజుకు వందమందిని చూసే డాక్టరుకు ఒక్కొక్కరిని పది నిమిషాలు పడుకోబెట్టి, నిలబెట్టి చూసే తీరిక ఉండదు. ఇందులో ఇతరులను తప్పుపట్టే అర్హత నాకూ లేదు. నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, తరచు కళ్ళు తిరుగుతున్నాయంటూ వచ్చిన ఒక పెద్దావిడకు మూడు నెలలు చెవికి సంబంధించిన మాత్రలు ఇచ్చాను. నిలబెట్టి బి.పి. చూడాలని తట్టలేదు. తుంటి ఎముక విరిగి ఆవిడ ఆస్పత్రిలో చేరాక గాని నాకు బుద్ధి రాలేదు. అందుకే పాఠకులకు చెబుతున్నాను: పెద్దవాళ్ళు పడిపోతున్నా, నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయన్నా, "ఒకసారి నిలబెట్టి కూడా చూడండి డాక్టరుగారూ" అని మీరే అడగండి. అడగడంలో తప్పు లేదు.

నరాల వల్లా, మరో కారణం వల్లా?

పోటు పడిపోయిన వారందరికీ నరాల జబ్బు ఉన్నట్టు కాదు. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, మొలల నుంచో, కడుపులో పుండు నుంచో రక్తం పోతున్నా, గుండె బలహీనమైనా, ఎడ్రినల్ గ్రంథులు సరిగ్గా పనిచెయ్యకపోయినా ఇలాగే జరుగుతుంది. మందులు మరో పెద్ద కారణం. బి.పి. మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, గుండెనొప్పికి వాడే నైట్రేట్లు, ప్రోస్టేటుకు వాడే టామ్‌సులోసిన్, ప్రాజోసిన్ వంటివి, మానసిక వ్యాకులతకు వాడే కొన్ని పాత మందులు, పార్కిన్‌సన్స్ జబ్బుకు వాడే లీవోడోపా - ఇవన్నీ పోటును పడగొట్టగలవు.

తేడా తెలుసుకునే సులువు నాడిలో ఉంది. ఒంట్లో నీరు తగ్గినవాడి నరాలు బాగానే ఉంటాయి కాబట్టి గుండె పరుగెత్తుతుంది. ఉదాహరణకు, విరేచనాలైన మనిషికి పడుకుంటే 120, నాడి 84. నిలబడితే 92, నాడి 116 అనుకుందాం. పోటు 28 తగ్గితే నాడి 32 పెరిగింది. నరాలు కాపలా కాస్తున్నాయన్నమాట. మన మాస్టారికో? పోటు 58 తగ్గితే నాడి పెరిగింది ఆరే ఆరు! కాపలావాడు నిద్రపోతున్నాడు. నాడి పెరిగిన అంకెను పోటు తగ్గిన అంకెతో భాగిస్తే 0.5 కన్న తక్కువ వస్తే నరాల లోపాన్ని అనుమానించాలని ఇప్పటి వైద్యులు ఒక లెక్క చెబుతున్నారు. లెక్కల మాస్టారు కాబట్టి ఈ భాగహారం ఆయనే చేసుకున్నారట, 0.1 వచ్చింది. గుండె వేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారికీ, గుండెకు పేస్‌మేకరు ఉన్నవారికీ ఈ లెక్క పనికిరాదు.

తరువాత డాక్టరు కొన్ని పరీక్షలు చేయిస్తారు: రక్తంలో హిమోగ్లోబిన్, చక్కెర, లవణాలు, బి12 విటమిను, మూత్రపిండాల పనితీరు, ఇ.సి.జి. మూలాన్ని తేల్చడం కష్టమైతే పెద్ద ఆస్పత్రుల్లో, రోగిని బల్లమీద పడుకోబెట్టి బల్లనే నిలువుగా వంచి చూసే టిల్ట్ టేబుల్ పరీక్ష చేస్తారు. ఇరవై నాలుగు గంటలూ బి.పి.ని నమోదు చేసే మిషను కడితే, రాత్రి ఎంత పెరుగుతున్నదీ పగలు ఎంత పడుతున్నదీ తెలుస్తుంది.

నరాలు ఎందుకు దెబ్బతింటాయి?

మన దేశంలో అందరికీ తెలిసిన కారణం మధుమేహం. చాలా ఏళ్ళుగా చక్కెర అదుపులో లేనివారికి పాదాల్లో తిమ్మిర్లు వచ్చినట్టే, లోపలి నరాలూ చెడతాయి. బి12 విటమిను లోపం, ఎమిలాయిడ్ అనే పదార్థం నరాల్లో పేరుకోవడం, వెన్నుపాము దెబ్బతినడం మరికొన్ని కారణాలు.

ఇంకొక తెగ ఉంది: పార్కిన్‌సన్స్ జబ్బు, దాని దాయాదులు. పార్కిన్‌సన్స్ రోగుల్లో సుమారు మూడో వంతు మందికి నిలబడితే పోటు పడిపోతుంది. షై, డ్రేగర్ అనే వైద్యులు 1960లో వర్ణించిన జబ్బును ఈనాడు మల్టిపుల్ సిస్టమ్ ఎట్రఫీ అంటున్నారు. అందులో ఇది ఇంకా ఎక్కువ. కొందరిలో వణుకు, నడకలో మందకొడితనం రావడానికి కొన్నేళ్ళ ముందే మలబద్ధకం, వాసన తెలియకపోవడం, కలలో జరిగేదాన్ని మంచం మీద ఆడి చూపించడం, నిలబడితే పోటు పడడం కనిపిస్తాయి. అందరికీ ఆ జబ్బు రావాలని లేదు. కొందరికి లోపలి నరాల లోపం ఒక్కటే ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. ఏదైనా, ఇటువంటి లక్షణాలున్నవారిని నరాల డాక్టరు ఒకసారి చూడాలి, ఏడాదికోసారి చూస్తూ ఉండాలి. మాస్టారి విషయంలో ఆవిడకు ఇదే విడిగా రాశాను. దాచి లాభం లేదు. భయపెట్టి అంతకన్నా లాభం లేదు.

చికిత్స - మందుల కంటె ముందు చెయ్యవలసినవి

మొదటి పని కొత్త మందు మొదలుపెట్టడం కాదు, పాత మందులను తిరగెయ్యడం. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరుకు చూపించాలి. వేటిని తగ్గించాలో, వేటిని మార్చాలో ఆయన చెబుతారు. ఈ వ్యాసం చదివి బి.పి. మాత్రలు మీ అంతట మీరు మానెయ్యకండి! కొన్ని మాత్రలు హఠాత్తుగా మానేస్తే ప్రమాదం.

నీళ్ళు: రోజుకు రెండు, రెండున్నర లీటర్లు తాగాలి. పొద్దున్న మంచం దిగకముందే రెండు పెద్ద గ్లాసులు, అంటే అర లీటరు మంచినీళ్ళు, మూడు నాలుగు నిమిషాల్లో తాగెయ్యాలి. ఇది ఉత్త నీళ్ళే కదా అనుకోకండి. ఈ జబ్బు ఉన్నవారిలో అయిదు, పది నిమిషాల్లో పోటు పెరగడం మొదలై, అరగంటకు బాగా పెరిగి, సుమారు గంటసేపు నిలబడుతుంది. పెళ్ళికి వెళ్ళేముందు, క్యూలో నిలబడేముందు కూడా ఇది పనికివస్తుంది.

ఉప్పు: ఇక్కడ చాలామందికి అనుమానం వస్తుంది. "ఉప్పు తగ్గించమని మీరే ఇదివరకు రాశారు కదా!" నిజమే. మామూలు మనుషులు రోజుకు 5 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. కాని ఈ రోగుల ఒంట్లో ఉప్పూ నీరూ నిలవవు. అందుకని రోజు మొత్తం మీద 6 నుంచి 10 గ్రాముల దాకా డాక్టర్లు అనుమతిస్తారు. ఊరగాయ, పప్పు, చారులతో మనలో చాలామంది ఇప్పటికే ఆపాటి ఉప్పు తింటున్నారు కాబట్టి కొత్తగా కలపవలసిన అవసరం లేకపోవచ్చు. బి.పి. ఉందని చప్పిడి తిండి తింటున్నవారు మాత్రం డాక్టరును అడిగి, మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకోవచ్చు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఈ జోలికి పోకూడదు.

మంచం: తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టి, మంచాన్ని ఆరు నుంచి తొమ్మిది అంగుళాలు ఎత్తు చెయ్యాలి. రెండు దిండ్లు వేసుకుంటే సరిపోదు. మెడ మాత్రమే వంగుతుంది, ఒళ్ళంతా వాలుగా ఉండాలి. ఎందుకంటే చదునుగా పడుకుంటే రాత్రి పోటు పెరిగి, మూత్రపిండాలు ఉప్పునూ నీటినీ బయటికి తోసేస్తాయి. నాలుగైదుసార్లు మూత్రానికి లేవవలసి వస్తుంది. తెల్లవారేసరికి ఒంట్లో నీరు తగ్గి, పోటు మరీ పడిపోతుంది. ఇటుకలు ఆ విషవలయాన్ని తెంచుతాయి.

నడికట్టు: పొట్ట చుట్టూ బిగువుగా కట్టే ఎలాస్టిక్ బెల్టు మందుల షాపుల్లో దొరుకుతుంది. పగలు లేచి తిరిగేటప్పుడు కట్టుకుని, పడుకునేటప్పుడు తీసెయ్యాలి. దిగిపోయే రక్తంలో చాలా భాగం పొట్టలో నిలిచిపోతుంది కాబట్టి కాలి మేజోళ్ళ కంటె ఇది మేలు. మేజోళ్ళయితే తొడల దాకా ఉండాలి. మోకాలి దాకా ఉన్నవాటితో ప్రయోజనం తక్కువ.

తిండి: మూడు పూటల తిండిని అయిదారు పూటలు చేసుకుని కొద్దికొద్దిగా తినాలి. ఒక్కసారిగా కంచం నిండా అన్నం తినకూడదు. తిన్నాక అరగంట, గంట కూర్చోవాలి. పొద్దున్న, మధ్యాహ్నం భోజనంతో కాఫీ మంచిదే. మద్యం వద్దు.

లేవడం ఎలా?

గబుక్కున లేవకూడదు. ముందు మంచం మీద కూర్చుని, కాళ్ళు కిందికి వేలాడేసి, పాదాలను పైకీ కిందికీ ఇరవైసార్లు ఆడించాలి. పిడికిళ్ళు బిగించి వదలాలి. రెండు నిమిషాలాగి, ఏదైనా పట్టుకుని లేవాలి. లేచాక అక్కడే కాసేపు నిలబడి అప్పుడు అడుగు వెయ్యాలి.

నిలబడి ఉండగా కళ్ళు చీకట్లు కమ్మితే కాలి మీద కాలు మెలివేసి తొడలనూ పిరుదులనూ గట్టిగా బిగించాలి. లేదా ఒక కాలు మెట్టు మీద పెట్టి ముందుకు వంగాలి. ఇంకా ఆగకపోతే గొంతుకూర్చోవాలి. గొంతుకూర్చుంటే కాళ్ళలో రక్తం గుండెకు తిరిగివస్తుంది. నలుగురిలో ఉన్నామని సిగ్గుపడకూడదు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు కూర్చోండి, ఎవరు చూశారు! అయితే లేచేటప్పుడు నెమ్మదిగా, బిగించుకుంటూ లేవాలి.

స్నానం గోరువెచ్చని నీళ్ళతో, స్టూలు మీద కూర్చుని చెయ్యాలి. బాత్‌రూము తలుపు గడియ వేసుకోకూడదు. రాత్రి మూత్రానికి మంచం పక్కనే పాత్ర పెట్టుకోవాలి; మగవారు కూర్చునే పోసుకోవాలి. దొడ్డి దగ్గర గోడకు పట్టుకునే కడ్డీ బిగించుకోవాలి. మలబద్ధకానికి వైద్యం చేయించుకుంటే ముక్కే అవసరం తగ్గుతుంది. మంచానికే అంటిపెట్టుకుంటే జబ్బు ముదురుతుంది కాబట్టి, కూర్చుని గాని పడుకుని గాని చేసే వ్యాయామం రోజూ చెయ్యాలి.

మందులు ఉన్నాయా?

ఉన్నాయి. పై పద్ధతులు చాలనప్పుడు వాడతారు. మిడోడ్రిన్ రక్తనాళాలను బిగిస్తుంది. పగటిపూట మాత్రమే, సాధారణంగా మూడుసార్లు వేసుకోవాలి. ఆఖరి మాత్రకూ పడకకూ మధ్య కనీసం నాలుగు గంటలుండాలి. వేసుకుని పడుకుంటే పోటు విపరీతంగా పెరుగుతుంది. తలలో దురద, ఒళ్ళు గగుర్పొడవడం దీని లక్షణాలు, భయపడనక్కర్లేదు. కాని మూత్రం బిగబడితే డాక్టరుకు చెప్పాలి. ఫ్లూడ్రోకార్టిజోన్ ఒంట్లో ఉప్పునూ నీటినీ నిలుపుతుంది. దీనితో కాళ్ళ వాపు రావచ్చు, రక్తంలో పొటాషియం తగ్గవచ్చు. అప్పుడప్పుడు పరీక్ష చేయించుకోవాలి. గుండె బలహీనంగా ఉన్నవారికి పనికిరాదు. నరాల కొసల దగ్గర నార్ ఎపినెఫ్రిన్‌గా మారే డ్రాక్సిడోపాను జపానులో 1989 నుంచీ, అమెరికాలో 2014 నుంచీ వాడుతున్నారు. పిరిడోస్టిగ్మిన్ అనే మరో మందు కొందరికి కొద్దిగా ఉపకరిస్తుంది. ఏది ఎవరికి, ఎంత అన్నది డాక్టరే నిర్ణయించాలి.

పడుకున్నప్పటి బి.పి. సంగతేమిటి?

ఇదే ఈ జబ్బులోని పేచీ. ఈ రోగుల్లో సుమారు సగం మందికి పడుకుంటే పోటు ఎక్కువ, నిలబడితే తక్కువ. ఒకదాన్ని తగ్గిస్తే రెండోది చెడుతుంది. మాస్టారి భార్య అడిగిన ప్రశ్న కూడా ఇదే: "మాత్రలు తగ్గిస్తే పక్షవాతం రాదా?"

ఎక్కువ బి.పి. ఏళ్ళ తరబడి ఉంటే గుండెకూ, మెదడుకూ, మూత్రపిండాలకూ చేటే. కాని నిలబడితే పడిపోయే మనిషికి తుంటి విరిగే ప్రమాదం రేపు పొద్దున్నే ఉంది. దగ్గరి ప్రమాదాన్ని ముందు చూసుకుని, దూరపు ప్రమాదాన్ని కనిపెట్టి ఉండాలి. పగలు చదునుగా పడుకోకూడదు. వాలుకుర్చీలో నడుం వాల్చాలి. మంచం తలవైపు ఎత్తుగా ఉంచాలి. పడుకునేముందు కొంచెం ఏదైనా తింటే, తిన్న తరువాత పోటు తగ్గే ఆ గుణమే రాత్రి మేలు చేస్తుంది. అయినా ఎక్కువగా ఉంటే, తెల్లవారేసరికి పని ముగించే మందును పడుకునేముందు ఇస్తారు. అంకెలన్నీ మామూలు కావాలని పట్టుపట్టకూడదు. మనిషి నిలబడగలగాలి, పని చేసుకోగలగాలి, పడకూడదు. అదీ చికిత్సకు గురి.

ఎప్పుడు పరుగెత్తాలి?

పడుకుని ఉండగా గాని, శ్రమ చేస్తుండగా గాని స్పృహ తప్పినా, పడిపోయేముందు గుండె దడదడలాడినా, గుండెనొప్పి వచ్చినా, దొడ్డి నల్లగా తారులాగా అయినా, మాట తడబడి ఒక కాలూ చెయ్యీ స్వాధీనం తప్పినా, పడి తలకు దెబ్బ తగిలినా ఆలస్యం చెయ్యకూడదు. అది ఇంటి చిట్కాల వేళ కాదు, ఆస్పత్రి వేళ.

మాస్టారి సంగతి ఏమైంది? ఆవిడ నా ఉత్తరాన్నీ, మనవరాలు రాసిన అంకెల కాగితాన్నీ తీసుకుని వాళ్ళ డాక్టరు దగ్గరకే వెళ్ళారు. ఆయన చదివి, స్వయంగా నిలబెట్టి చూసి, బి.పి. మాత్రను క్రమంగా తగ్గించారు. ప్రోస్టేటు మందు మార్చారు. నరాల డాక్టరు దగ్గరకు పంపారు. ఆయన మిడోడ్రిన్ మొదలుపెట్టారు. మొన్న వచ్చిన మూడో ఉత్తరంలో ఇలా ఉంది:

"ఇంటి వెనుక మిగిలిపోయిన ఇటుకలు మంచం కిందికి వచ్చాయి. పొద్దున్నే నీళ్ళ చెంబు నేనే అందిస్తున్నాను. పూర్తిగా తగ్గిందని చెప్పలేను. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇప్పటికీ కాసేపు తూలుతున్నారు. కాని మూడు నెలలుగా పడలేదు. వీధిలో పిల్లలు ఇద్దరు లెక్కలు చెప్పించుకోవడానికి వస్తున్నారు. కుర్చీలో కూర్చునే చెబుతున్నారు. మధ్యలో ఒకసారి లేచి, గోడమీది పలక మీద లెక్క రాసి, మళ్ళీ కూర్చుంటున్నారు."

ఈ జబ్బులో అది చిన్న విజయం కాదు. మీ ఇంట్లో పెద్దవారు ఎవరైనా లేచినప్పుడల్లా గోడ పట్టుకుంటూ ఉంటే, వయసు మీదపడిందని సరిపెట్టుకోకండి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి రెండుసార్లు బి.పి. చూపించండి. పది నిమిషాల పని!